ఆ దుప్పటి ఫొటో



వార్షికోత్సవ సంచికకు ‘సోషల్ మీడియా - నేటి యువత’ అనే అంశం మీద వ్యాసం రాసి పంపమని సంచిక కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగారు. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. కాగితం మధ్యలో గీత గీసి లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క రాయడం నాకు చేతనైన పనే. వ్యాసరచన పోటీల్లో మా పిల్లలు ఏటా అట్లాగే రాస్తారు, నేనే మార్కులు వేస్తాను. కానీ రాయడానికి కూర్చుంటే ఆ లాభనష్టాలకంటే ముందు ఒక ఫొటో గుర్తుకు వచ్చింది. దాని గురించి చెప్పకుండా మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదనిపించింది. అందుకని ముందుగా నా తప్పు నేను ఒప్పుకొని, తరువాత నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

నేను మన హాస్టల్లో 1998లో ఆరో తరగతిలో చేరాను. 2003 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళిపోయాను. అప్పుడు నా ఆస్తి అంతా ఒక రేకు పెట్టె, ఒక పళ్ళెం, గ్లాసు, రెండు జతల బట్టలు, ఒక కార్పెట్, ఒక దుప్పటి. హాల్లో ఒక్క టీవీ. శుక్రవారం చిత్రలహరి చూడటానికి చిన్నపిల్లలం ముందు కూర్చుంటే, పదో తరగతి అన్నలు కిటికీలు ఎక్కి చూసేవారు. బయటి ప్రపంచం మాకు రోజుకు ఒక పేపర్ రూపంలో వచ్చేది. అది కూడా సినిమా పేజీ చిరిగిపోయాకే మా చేతికి అందేది.

ఇంటితో మాట్లాడాలంటే పోస్టుకార్డు. మా అమ్మకు చదువు రాదు. నేను రాసిన కార్డును మా ఊరి పోస్టుమ్యానే వాకిట్లో నిలబడి చదివి వినిపించేవాడు. ఒక చలికాలం నా దుప్పటి నడుమ చిరిగిపోయింది. కొత్తది పంపమని రాయాలని కార్డు తీసుకొని కూర్చున్నాను. పోస్టుమ్యాన్ పైకి చదువుతాడు, పక్కింటివాళ్ళు వింటారు అని గుర్తుకు వచ్చి సిగ్గేసింది. ‘నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను’ అని రాసి పంపేశాను. ఆ చలికాలమంతా నా పక్కన పడుకునే స్నేహితుడూ నేనూ ఒకే దుప్పటి కప్పుకున్నాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

డిగ్రీలో ఉండగా 2007లో ఆర్కుట్ అనే మాట మొదటిసారి విన్నాను. ఇప్పటి తమ్ముళ్ళకు దాని పేరు కూడా తెలియదు. 2004లో పుట్టి, 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలు. మిత్రులం ముగ్గురం అయిదేసి రూపాయలు వేసుకొని ఒకే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళం. నా ఫొటోకు బదులు చిరంజీవి ఫొటో పెట్టాను. పేరులో ఇంటిపేరు తీసేశాను. మన దగ్గర ఇంటిపేరు చెబితే మిగతావి అడగనక్కర లేకుండానే తెలిసిపోతాయి కదా! చదివిన చోటు రాయమంటే కాలేజీ పేరు రాశాను, హైస్కూలు పేరు రాశాను, హాస్టల్ పేరు మాత్రం రాయలేదు. కాలేజీలో చేరిన కొత్తలో ఒకతను ‘ఎక్కడ ఉంటావు?’ అని అడిగితే ‘ఎస్సీ హాస్టల్లో’ అన్నాను. ఆ తరువాత అతను నా పక్కన బెంచీలో కూర్చోలేదు. ఏమీ అనలేదు, ఊరికే వెళ్ళి వేరేచోట కూర్చున్నాడు. ఆ రోజు నేర్చుకున్న పాఠం అది. ఆర్కుట్ పోయి ఫేస్‌బుక్ వచ్చింది. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఆ పాఠం మాత్రం నాతోనే ఉంది. నా ప్రొఫైల్‌లో హాస్టల్ లేదు.

సోషల్ మీడియా వల్ల నాకు మేలు జరగలేదంటే అబద్ధం అవుతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి కొన్ని నెలలు నెట్ ఉచితంగా ఇచ్చింది. ఆ ఏడాదే మన పూర్వ విద్యార్థులం వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. పదమూడేళ్ళుగా ఎక్కడున్నారో తెలియని మిత్రులు ఒక్కొక్కరే దొరికారు. ఒకే దుప్పటి కప్పుకున్న ఆ స్నేహితుడు దుబాయిలో ఉన్నాడని ఆ గ్రూపులోనే తెలిసింది. మనవాళ్ళలో ఒకరి పాపకు ఆపరేషన్ అవసరమైతే రెండు రోజుల్లో డబ్బులు జమ చేశాం. చదువు రాని మా అమ్మకు ఇప్పుడు పోస్టుమ్యాన్‌తో పని లేదు. ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి పట్టుకొని ‘తిన్నవా బిడ్డా’ అని పంపుతుంది. మూడో మనిషి మధ్యలో లేకుండా అమ్మ మాట నాకు చేరడం ఈ ఫోన్ వల్లే సాధ్యమైంది. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు ఆయన చివరి ఉత్తరాన్ని నేను చదివింది కూడా ఫోన్‌లోనే. పేపర్లు ఎంత రాస్తాయో, ఏమి రాస్తాయో అని ఎదురుచూడకుండా దేశమంతా ఆయన మాటల్ని నేరుగా చదివింది. మనలాంటి వాళ్ళ గొంతు అంత తొందరగా అంత దూరం పోవడం అంతకు ముందు నేను చూడలేదు.

ఇక నా తప్పు సంగతికి వస్తాను.

2019 డిసెంబరులో నేనూ మరి కొందరు మిత్రులమూ కలిసి మన హాస్టల్ పిల్లలకు దుప్పట్లు కొని తెచ్చాం. ఫ్లెక్సీ కట్టాం. పిల్లల్ని వరుసలో నిలబెట్టాం. ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడి భుజాల మీద నేను దుప్పటి కప్పుతుండగా మిత్రుడు ఫొటో తీశాడు. నేను కెమెరా వైపు చూస్తున్నాను, ఆ తమ్ముడు నేలవైపు చూస్తున్నాడు. ఆ రాత్రి దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టి ‘ఎస్సీ హాస్టల్లో నిరుపేద విద్యార్థికి చేయూత’ అని రాశాను. వాడి పేరు ఇంటిపేరుతో సహా రాశాను, ఊరు రాశాను, తండ్రి లేడని కూడా రాశాను. నేను ఆ హాస్టల్లోనే చదివానని మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఎక్కడి నుంచో వచ్చిన దాతలాగా రాసుకున్నాను. ‘గ్రేట్ సార్’, ‘మీ సేవాగుణానికి వందనం’ అని కామెంట్లు వచ్చాయి. 212 లైకులు వచ్చాయి. దుప్పటి ఒక్కసారే కప్పాను గానీ, ఆ రాత్రి లైకులు ఎన్ని వచ్చాయో చూసుకోవడానికి ఫోన్ ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు.

తరువాత కరోనా వచ్చింది. హాస్టళ్ళు మూసేశారు. 2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలయ్యాయి. మేము వాట్సాప్‌లో వర్క్‌షీట్లు పంపేవాళ్ళం. చాలామంది పిల్లల చేతికి ఫోన్ వచ్చింది అప్పుడే. ఆ హడావుడిలో నేను ఆ ఫొటోను పూర్తిగా మరిచిపోయాను. ఆ తమ్ముడు 2022లో పది పాసై, పాలిసెట్ రాసి, హైదరాబాద్‌లో పాలిటెక్నిక్‌లో చేరాడు.

2023 జనవరిలో ఒక రాత్రి వాడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

“అన్నా, ఒక మాట అడిగితే ఏమనుకోవు కద?”

“అడుగు తమ్మీ.”

“నువ్వు అప్పుడు చద్దర్లు ఇచ్చినప్పటి ఫొటో ఉంది కద అన్నా... అది తీసేస్తవా?”

నేను వెంటనే తీసేస్తానని అనలేదు. “మంచి ఫొటోనే కద తమ్మీ, ఏమైంది?” అన్నాను. వాడు కొద్దిసేపు మాట్లాడలేదు. తరువాత, “మంచిదే అన్నా. గానీ అందుల ఉన్నది నేను కద” అన్నాడు.

విషయం ఏమిటంటే, క్లాసులో ఒక పిల్లవాడు ఫ్రెండ్ రిక్వెస్ట్ పెడదామని వాడి పేరు కొట్టి వెతికాడు. నా పోస్టు దొరికింది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి క్లాసు గ్రూపులో పెట్టాడు. ఇంకొకడు వాడి ముఖం వరకు కత్తిరించి స్టిక్కర్ చేశాడు. ఎవరైనా అప్పు అడిగినా, చలి అన్నా ఆ స్టిక్కర్ పెట్టి నవ్వడం. వీడు క్లాసులోకి వస్తే ‘చద్దర్ వచ్చిండు’ అనడం. వాడు మూడు వారాలుగా కాలేజీకి పోవడం లేదు. ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్ పనికి పోతున్నాడు. హాజరు తగ్గితే పరీక్షకూ కష్టమే, స్కాలర్‌షిప్‌కూ కష్టమే. ఇంట్లో తల్లికి తెలియదు.

నేను పోస్టు తీసేయడానికి ఒక్క నిమిషం పట్టింది. అప్పటికే దాన్ని 31 మంది షేర్ చేసి ఉన్నారు. స్క్రీన్‌షాట్ ఎన్ని ఫోన్‌లలో ఉందో దేవుడికే తెలియాలి. మన పేజీలో తీసేస్తే మన పేజీలోనే పోతుంది, ఇంకొకరి ఫోన్‌లో ఉన్నది పోదు. ఇది పదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన సంగతే, నాకు మాత్రం ఆ రాత్రే అర్థమైంది. చిన్నప్పుడు ఒక్క పోస్టుమ్యాన్ చదువుతాడంటేనే దుప్పటి చిరిగిందని రాయలేకపోయిన నేను, ఇంకొక పిల్లవాడి దుప్పటి సంగతిని ఊరి పేరుతో సహా లోకమంతా చదివేలా గోడకు అంటించాను. నా హాస్టల్‌ను నేను దాచుకున్నాను, వాడి హాస్టల్‌ను బయటపెట్టాను. వాడిని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆదివారం బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళాను. ఫంక్షన్ హాల్ వెనుక గేటు దగ్గర వాణ్ణి కలిశాను. క్షమించమని అడిగాను. వాడు ‘అయ్యో, అట్లనకు అన్నా’ అన్నాడు గానీ, నా ముఖం వైపు చూడలేదు. సోమవారం సెలవు పెట్టి కాలేజీకి వెళ్ళి వాళ్ళ విభాగాధిపతిని కలిశాను. ఆయన పిల్లల్ని పిలిపించి గ్రూపులో ఆ బొమ్మలన్నీ తీయించారు. ఇద్దరు పిల్లలు వచ్చి సారీ చెప్పారు, మరో ఇద్దరు చెప్పలేదు. వీడు మళ్ళీ క్లాసుకు పోవడం మొదలుపెట్టాడు. ఆ పేరు మాత్రం ఆ ఏడాది పరీక్షల దాకా పోలేదని తరువాత చెప్పాడు. సినిమాలో లాగా అంతా ఒక్కరోజులో బాగైపోలేదు.

నేను ఎందుకట్లా చేశానని చాలాసార్లు ఆలోచించాను. నేను చెడ్డవాణ్ణి కాదు, దుప్పట్లు కొన్నది నా జీతం డబ్బులతోనే. కానీ ఫేస్‌బుక్‌లో 2009లో ఆ లైక్ బటన్ వచ్చినప్పటి నుంచి మంచి పనికి కూడా ఒక లెక్క కనిపించడం మొదలైంది. లెక్క కనిపిస్తే మనిషికి దాన్ని పెంచాలని ఉంటుంది. ఈ కంపెనీలకు ఆదాయం ప్రకటనల మీద వస్తుంది. మనం ఎంతసేపు చూస్తే వాళ్ళకు అంత లాభం. మామూలు మాటకంటే జాలి, కోపం, ఎగతాళి మన కళ్ళను ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. నేను పెట్టిన ఫొటోలో జాలి ఉంది. ఆ పిల్లలు పెట్టిన స్టిక్కర్‌లో ఎగతాళి ఉంది. రెండింటికీ వాడుకున్నది ఒకే పిల్లవాడి ముఖాన్ని.

ఇప్పుడు చదువు, ఉద్యోగాల సంగతి చెబుతాను. తమ్ముళ్ళారా, ఈ ఫోన్ మీ చేతిలో ఉన్న లైబ్రరీ అన్నమాట నిజం. మా కాలంలో పాత ప్రశ్నపత్రం జిరాక్స్ కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఇప్పుడు డీఎస్సీ, గ్రూప్స్, పాలిసెట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. అంబేద్కర్ ఇంగ్లిషు రచనల సంపుటాలన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మా హాస్టల్ బీరువాలో ఆయన జీవితచరిత్ర ఒక్కటి ఉండేది, దానికీ అట్ట లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ వీడియోలతో గంగవ్వ అనే పల్లెటూరి ముసలమ్మ రెండు రాష్ట్రాలకూ తెలిసింది. మన యాసను అప్పటిదాకా సినిమాల్లో ఎగతాళికే ఎక్కువగా వాడుకున్నారు. ఆమె అదే యాసలో మాట్లాడితే జనం కూర్చొని విన్నారు. ఇది చిన్న మార్పు కాదు.

అదే ఫోన్‌లో గుంతలు కూడా ఉన్నాయి. రోజుకు రెండు వేలు సంపాదించండి అని టెలిగ్రామ్‌లో వచ్చే ‘టాస్క్’ ఉద్యోగాలలో మొదట వంద రూపాయలు ఇస్తారు, తరువాత వేలు గుంజుతారు. అప్పు యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ తీసుకొని, బాకీ కట్టకపోతే బంధువులందరికీ ఫొటోలు పంపి పరువు తీశాయి. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు వాటి మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. బెట్టింగ్ యాప్‌లను మెచ్చుకుంటూ వీడియోలు చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమావాళ్ళ మీద 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. మనం హీరో అనుకొని ఫాలో అయ్యేవాడికి మన జేబు మీద కన్ను ఉండవచ్చు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మీరు ఇప్పుడు రాసే రాతలు తరువాత మీ ముందుకు వస్తాయని కూడా గుర్తుంచుకోవాలి. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధితో మన పిల్లలు కూడా అమెరికా వెళ్ళి చదువుకుంటున్నారు. స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేసేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వం చెప్పింది. పదిహేడేళ్ళ వయసులో హీరో అభిమానంతో ఎవరినో తిట్టిన తిట్లు ఇరవై మూడేళ్ళకు ఒక అధికారి టేబుల్ మీద ఉంటాయన్నమాట.

ఇక యువత తీరు సంగతి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధిస్తే మా బడి పిల్లలు రెండు రోజులు దిగులుగా ఉన్నారు. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి, దిగులు పోయింది. డాన్సు చేయడం తప్పు కాదు, పాట పాడటం తప్పు కాదు. మన పేటల్లో డప్పు, పాట మొదటినుంచీ ఉన్నవే. కానీ బండి మీద నిలబడి వీడియో తీసుకునే పిల్లవాడికీ, అద్దంలో తన రంగు చూసుకొని ఫిల్టర్ వేసుకునే పిల్లకూ ఒకే మాట చెప్పాలనిపిస్తుంది. చూసేవాళ్ళు వేలు జరిపి వెళ్ళిపోతారు, దెబ్బ తగిలినా దిగులు కలిగినా మిగిలేది మీకే. మా క్లాసులో ఒక పిల్లవాణ్ణి రాత్రి ఎన్నింటికి పడుకున్నావురా అని అడిగితే ‘పండలే సార్, అట్ల చూసుకుంట ఉన్న, తెల్లారింది’ అన్నాడు. ఏమి చూశావంటే ఒక్కటీ చెప్పలేకపోయాడు. నెలకు మూడు వందల రూపాయల దాకా రీచార్జికి పోతున్నాయి. అవి మీ అమ్మ ఎండలో వంగి చేసిన కూలిలోనివి. ఆ రాత్రి ఖరీదు ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఆ సంఘటన తరువాత మా పూర్వ విద్యార్థుల గ్రూపులో పెద్ద చర్చ జరిగింది. ఫొటోలు పెట్టకపోతే డబ్బులు ఎవరిస్తారని కొందరన్నారు. ఆ మాటలో నిజం కొంత ఉంది, మొదటి ఏడాది చందాలు తగ్గాయి కూడా. చివరికి మూడు నియమాలు పెట్టుకున్నాం. ఇచ్చే వస్తువులు స్టోర్ రూములో అప్పగించాలి, పిల్లల్ని వరుసలో నిలబెట్టకూడదు. గ్రూపులో బిల్లు ఫొటో పెట్టాలి, పిల్లల ఫొటో పెట్టకూడదు. ఆటల్లో, చదువులో గెలిచిన పిల్లల ఫొటోలైనా, వాళ్ళనూ ఇంటివాళ్ళనూ అడిగి వాళ్ళు సరేనంటేనే పెట్టాలి. గత చలికాలం దుప్పట్లు ఎవరిచ్చారో మీలో చాలామందికి తెలియదు. తెలియకపోవడమే మంచిది.

నేను ఇంకొక పని కూడా చేశాను. నా ప్రొఫైల్‌లో ‘చదివిన చోటు’ దగ్గర మన హాస్టల్ పేరు, 1998-2003 అని రాశాను. ఇంటిపేరు కూడా చేర్చాను. రాసేటప్పుడు నాకు వేలు వణికింది, నలభై ఏళ్ళకు దగ్గరపడ్డ ఉపాధ్యాయుడికి! స్టాఫ్ రూములో ఒకరిద్దరు మాట్లాడే తీరు కొంచెం మారింది. అదే వారంలో మా స్కూల్ తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు వచ్చి, “సార్, మీరు కూడ హాస్టల్ల సదువుకున్నరా?” అని అడిగాడు. వాడు ఆ పక్క హాస్టల్లో ఉంటాడు. అవునన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు. మరుసటి రోజు నుంచి మొదటి బెంచీలో కూర్చుంటున్నాడు. అయితే మీరు కూడా రేపే ఇట్లా రాయాలని నేను అనడం లేదు. మన సంగతి ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో మనమే నిర్ణయించుకోవాలి. ఇంకొకరి సంగతి చెప్పే హక్కు మాత్రం మనకు లేదు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తీర్పు చెప్పింది. ఆ హక్కు కోటలో ఉండేవాళ్ళకే కాదు, హాస్టల్లో రేకు పెట్టె పక్కన పడుకునే పిల్లవాడికి కూడా ఉంది.

ఆ తమ్ముడు 2025లో డిప్లొమా పూర్తి చేశాడు. యూట్యూబ్ పాఠాలు వింటూ, టెలిగ్రామ్‌లో దొరికిన పాత ప్రశ్నపత్రాలు చేస్తూ ఈసెట్ రాసి, ఇప్పుడు బీటెక్ చదువుతున్నాడు. వాణ్ణి ఏడిపించింది ఆ ఫోనే, చదివించింది కూడా ఆ ఫోనే. ఈ వ్యాసం రాసేముందు వాడికి ఫోన్ చేసి, మన సంగతి రాయవచ్చా అని అడిగాను. ఈసారి ముందే అడిగాను. కొంచెం ఆలోచించి, “రాయి అన్నా. పేరు, ఊరు రాయకు. ఫొటో అసలే పెట్టకు” అన్నాడు. తరువాత నవ్వాడు.

రాసి వాడికే మొదట పంపాను. రెండు చోట్ల దిద్దాడు. దిద్దినట్లే అచ్చుకు ఇస్తున్నాను.

తమ్ముళ్ళందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. జై భీమ్.

- మీ అన్న, 2002-03 పదో తరగతి బ్యాచ్